వాన కంటే ముందొచ్చిన వరద

లేదు తల్లీ, నేనెప్పుడూ కంప్యూటర్ ముట్టుకోలేదు. నిన్న ఫోన్‌లో నువ్వడిగితే నవ్వి ఊరుకున్నాను గానీ, నా చేతిరాత మాత్రం ఒకసారి కంప్యూటర్‌లోకి వెళ్లింది. తమ్ముణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని విను. మళ్లీ మళ్లీ చెప్పే ఓపిక లేదు నాకు.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మాట. గోదావరిఖనిలో మేము ఇప్పటికీ ఉంటున్న ఈ ఇళ్ల వరుసలో మాదే చివరిది. ఇంటి వెనక తుమ్మచెట్లు, వాటి వెనక వాగు. గట్టి వాన పడితే వాగు నీళ్లు వంటగదిలోకి వచ్చేవి. బియ్యం డబ్బా మంచం మీదికెక్కించి, మీ అమ్మ పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని, బడి వరండాలో తలదాచుకున్నాం రెండుసార్లు. అవతల నేలను పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పెద్దదవుతుంటే, వాగును పక్కకు మళ్లించి కట్ట పోస్తామన్నారు గని వాళ్లు. ఎంత ఎత్తు పోస్తారన్నదే మా వరుస అందరి బాధ. తక్కువైతే నీళ్లు మళ్లీ మా ఇళ్లలోకే.

ఎత్తు తేల్చాలంటే ముందు వాగు ఎంత పొంగుతుందో తెలియాలట. వంతెన కాలుకు అంకెలు వేసిన ఇనుప బద్ద బిగించారు. ఏడో తరగతి చదివాననీ, ఇల్లు దగ్గరనీ దాన్ని చూసి రాసే పని నాకిచ్చారు. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. రెండు వానాకాలాలు. గనిలో మీ తాత షిఫ్టు మారినప్పుడల్లా నా వంట వేళ మారేది, వాగు వేళ మాత్రం మారేది కాదు. మోకాళ్ల నొప్పి ఆ బురదలోనే మొదలైంది.

రెండో ఏడు ఒక మంగళవారం మాపటేళ వాన పట్టుకుంది. తెల్లారేదాకా విడవలేదు. బుధవారం పొద్దున ఆరింటికి మడమల్లోతు నీళ్లున్న ఇంట్లోంచి గొడుగేసుకుని వెళ్లాను. బద్ద మీద పై అంకె ఒక్కటే కనబడుతోంది. పుస్తకం తడవకుండా గొడుగు కింద పట్టుకుని ఆ అంకె రాశాను.

వానలు వెళ్లాక హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చి, గెస్ట్‌హౌస్ వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. నా పుస్తకంలోని అంకెలన్నీ తనే టైపు చేసి, వాగు లెక్కల ప్రోగ్రాములోకి ఎక్కించింది. మూడో రోజు నన్ను పిలిపించింది. తెర మీద పైనుంచి వేలాడే నీలం కడ్డీలు వాన. కింద గుట్టలా లేచి దిగే గీత వాగు నీళ్లు. వానను గని దగ్గరి మిషన్ గంట గంటకూ తానే రాసుకునేది.

"ఇది చూడమ్మా. వాన పడింది మంగళవారం సాయంత్రం. మీ వాగు పొంగింది మంగళవారం పొద్దున. మీ వాగుకు జాతకాలు చెప్పడం వచ్చా?"

పక్కనున్న గని ఆఫీసు గుమాస్తా పకపకా నవ్వాడు. "అక్క నిద్రల రాసింది కావచ్చు మేడం."

"నిద్రల రాస్తే అక్షరాలు గింత సక్కగ వస్తయా? నీకు మెలకువల రాసినా రావు," అన్నాను వాడితో. "మేడం, ఇంట్లకు నీళ్లు జొచ్చినయ్. నా కండ్లతోని జూసి రాసిన."

"నీళ్లు రాలేదనడం లేదమ్మా. కానీ వానకూ ఈ అంకెకూ పొంతన లేదు. రేపే రిపోర్టు ఇవ్వాలి."

ఆ అంకెను తీసేసింది. పడ్డ వాన, నేల వాలు, మట్టి రకం చెబితే వాగు ఎంత పొంగి ఉంటుందో ప్రోగ్రామే గీస్తుందట. నిమిషంలో కొత్త గీత వచ్చింది, ఇస్త్రీ చేసినట్టు నున్నగా. దాని పై కొస నేను రాసిన నీళ్లకు బాగా కిందే ఆగిపోయింది.

"గీ కొసను జూసేనా మేడం, కట్ట ఎత్తు పెట్టేది?"

"అవునమ్మా. దానికి కొంచెం పైన."

పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చాను. మీ తాత రెండో షిఫ్టుకు బయల్దేరుతున్నాడు. సంగతి చెబితే పుస్తకం తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగాడు.

"ఏమే, గిది మస్టర్ లెక్క గదనే! బుధారం పొద్దున్నది మంగళారం కింద రాస్తివి. మనకైతె ఎరుకే, గా పిల్లకెట్ల ఎరుకైతది?"

మంగళవారం నైట్ షిఫ్టులో దిగినవాడి మస్టర్, అంటే హాజరు, బుధవారం పొద్దున పైకి వచ్చేదాకా మంగళవారానిదే. ఇరవై ఏళ్లు ఆ లెక్కలోనే బతికాం. పొద్దున ఏడింటికి మొదటి షిఫ్టు సైరన్ కూత వినబడేదాకా మా ఇంట్లో తేదీ మారదు. రెండు వానాకాలాలూ పొద్దుటి అంకెను ముందురోజు కిందే, చివరి వరుసలో రాశాను. చిన్న వానల్లో ఆ తేడా ఎవరికీ కనబడలేదు.

అట్లాగే వెనక్కి నడిచాను. ఆ అమ్మాయి రామగుండం స్టేషన్‌కు వెళ్లిపోయిందన్నాడు గుమాస్తా. అక్కడే కూర్చుని కాగితం మీద రాశాను: పొద్దున ఆరు అంకెలన్నీ మరుసటి రోజుకు మార్చండి, బుధవారం నీళ్లు నిజం అని. ఆ అమ్మాయికి పంపమని గుమాస్తా చేతిలో పెట్టాను.

"పంపిస్త తియ్యక్కా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

వారం తర్వాత అడిగితే "పంపిన" అన్నాడు. నెల తర్వాత అడిగితే "ఏ కాయితం అక్కా?" అన్నాడు. మూడోసారి వెళ్లలేదు. అలిసిపోయాను తల్లీ.

మరుసటి ఎండాకాలం కట్ట పోశారు. మా వరుసలో అందరూ సంబరపడ్డారు. నా తప్పు సంగతి ఆ ఇళ్లలో మీ తాతకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అంత వాన మళ్లీ పడలేదు, అందుకే ఏదీ తేలలేదు. ఇప్పటికీ వాన పట్టిందంటే ఆరింటికే మెలకువ వస్తుంది. గోడ పట్టుకుని వెనక గుమ్మం దాకా వెళ్లి కట్ట వంక చూస్తాను. నా కాగితం ఆ అమ్మాయికి చేరిందా? ఆ కట్ట పోసింది నేను చూసిన నీళ్లకా, ఆమె గీసిన నీళ్లకా?