ముసురులో తడిసిన పసుపు కార్డు

మొన్న మా మనవరాలు ఏదో తెప్పించుకుంది. ఏమిటో నాకు తెలియదు గాని, అది రాలేదని పొద్దున్నుంచి ఫోను పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. సముద్రంలో తుఫాను, హైదరాబాదులో ముసురు, బండి ఎక్కడో ఆగిపోయిందట. వానల వల్ల ఆలస్యమని ఫోనులో వచ్చిన ముక్కను నాకు చదివి వినిపించి, ఇదేం అన్యాయం నాయనమ్మా అని నిలదీసింది, ఆ వాన నేనే కురిపించినట్టు. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వితే దానికి ఇంకా కోపం వచ్చింది. రావలసింది వేళకు రాకపోతే కొంపలు మునుగుతాయని దాని నమ్మకం. వేళకు రాకపోగా, తడిసి ముద్దయి వచ్చినందుకే నిలబడిన కొంప ఒకటి నాకు తెలుసు. అది మా చిన్నత్తది.

మాది గద్వాల. నేత ఇల్లు. ముందు గదిని మొత్తం గుంట మగ్గమే ఆక్రమించుకునేది. వచ్చినవాళ్లు గోడకు ఆనుకుని పక్కవాటుగా నడిచి లోపలికి రావాలి. కాస్త లావుపాటి చుట్టాలు వస్తున్నారంటే మా అమ్మ ముందుగానే దొడ్డితలుపు తీసి పెట్టేది. గుంటలో కాళ్లు దించుకుని మా నాయిన నేసేవాడు, ఆయన లేవగానే నాయిన చెల్లెలు, మా చిన్నత్త కూర్చునేది. తాత పోయినప్పటి నుంచి పెత్తనం నాయనమ్మది, ఆమెను ఇంటిల్లిపాదీ అవ్వ అనేవాళ్లం. చిన్నత్తకు మాటలు తక్కువ, పని ఎక్కువ. ఆమె నేసిన చీరలో పట్టు అంచూ నూలు ఒడలూ కలిసేచోట వేలు పెట్టి తడిమినా అతుకు తగిలేది కాదు. అంత పనిమంతురాలికి పెళ్లి కాలేదు. కారణం ఆమె పుట్టిన నక్షత్రం, మూల. మూలలో పుట్టిన పిల్ల కోడలుగా వస్తే మామకు గండమని మా వైపు గట్టి నమ్మకం. అత్తకు గండమని ఉంటే కొందరు మామలు ధైర్యం చేసేవారేమో గాని, గండం తమకే కావడంతో ఎవరూ ముందుకు రాలేదు. వచ్చిన సంబంధాలు వచ్చిన దారినే పోయాయి.

ఆ ఏడు కార్తీకం వెళ్తూ వెళ్తూ వనపర్తి నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లదీ నేతే. తల్లి లేదు, తండ్రీ కొడుకులిద్దరే వచ్చారు. పెద్దలు నూలు గురించి, జొన్నల గురించి మాట్లాడుకుంటుంటే పెళ్లికొడుకు మగ్గం వైపు చూస్తూ కూర్చున్నాడు. తెగిన పోగు ఒకటి కనబడినట్టుంది, ఎవర్నీ అడక్కుండా లేచి వెళ్లి దాన్ని అతికి, మళ్లీ వచ్చి తన చోట కూర్చున్నాడు. పిల్లను చూడనీకి వచ్చి మగ్గాన్ని చూసిపోయిండని మా అమ్మ ఆయన్ను ఎన్నేళ్లు ఆట పట్టించిందో చెప్పలేను. చిన్నత్త మాత్రం ఆ అతుకు నేతలో కలిసిపోయేదాకా రోజూ దాన్ని చూసుకుంటూనే ఉంది. అతను నచ్చాడని ఆమె ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. పోయేముందు తండ్రి పిల్ల జాతకం అడిగి తీసుకున్నాడు, జాతకాలు చూసే అయ్యగారికి చూపించి జాబు రాస్తామన్నాడు. ఆ మాట వినగానే అవ్వ ముఖం వాడిపోయింది. ఇది కూడా తప్పిపోతే ఇంక పిల్లను అడగడానికి ఎవరూ గడప తొక్కరని ఆమె బెంగ.

జాబు కోసం చూస్తుండగానే మార్గశిరంలో ముసురు పట్టింది. వానకాలంలో మొహం చాటేసిన వాన చలికాలంలో బాకీ తీర్చుకున్నట్టు కురిసింది. దానికి తోడు ఎముకలు కొరికే గాలి. చేలల్లో జొన్న నేలకు ఒరిగింది. మగ్గం గుంటలో నీళ్లు ఊరుతుంటే నాయిన చెంబుతో తోడి పోసేవాడు. కృష్ణకు అవతల రైలుకట్ట కోసుకుపోయి బండ్లు ఆగిపోయాయి. వనపర్తి వైపు నుంచి రావలసిన టపా అంతా ఏటి అవతలి గట్టునే ఉండిపోయింది. ఉత్తరాలు వచ్చే రోజుల్లో వాటిని పెద్దగా పట్టించుకోనివాళ్లు కూడా రాకపోయేసరికి తమకేదో ముఖ్యమైన జాబు ఆగిపోయిందని అనుమానపడ్డారు. గోనెసంచి నెత్తిన కప్పుకుని టపాకచేరి ముందు నిలబడి, టపా పంచే జవానును పట్టుకుని అడిగేవాళ్లు. నేనేమన్న ఇంట్ల దాచుకున్ననా అని అతను విసుక్కునేవాడు. మా అవ్వ రోజూ నాయిన్ను పంపేది. నాయిన తడిసి వచ్చేవాడు, చిన్నత్త ఏమీ అడక్కుండా పొడి పంచె అందించేది.

చివరికి గాలి తగ్గి, ఏరు కాస్త తీసింది. పుట్టి నడిపేవాళ్లు, అంటే వెదురుబుట్టకు తోలు కప్పిన గుండ్రటి పడవవాళ్లు, ధైర్యం చేశారు. మొదటి పుట్టిలో టపా సంచి వచ్చింది. ఆ పుట్టిలోనే ఒక కోమటాయన దుకాణానికి రావలసిన పసుపు బస్తాలు కూడా వచ్చాయి. పుట్టి అడుగున ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలుస్తాయి, ఆ రోజు ఇంకాస్త ఎక్కువే నిలిచి ఉంటాయి. దంచిన పసుపు తడిసి, ఆ నీళ్లు టపా సంచిలోకి దిగి, ఊరి ఉత్తరాలన్నీ అంచు నుంచి అంచుదాకా పసుపచ్చగా తేలాయి.

ఇప్పటివాళ్లకు ఇందులో ఏముందనిపిస్తుంది. మాకు శుభవార్త రాస్తే కార్డు అంచులకు పసుపు పూయడం ఆచారం. చావు కబురైతే గడప బయటే నిలబడి చదివి, అక్కడే చింపేసి, స్నానం చేసి లోపలికి రావాలి. అక్షరం ముక్క రానివాళ్లకు కూడా పసుపు చూస్తే సగం సంగతి తెలిసిపోయేది. పసుపు జాబు తెచ్చినవాడి నోట్లో బెల్లం ముక్క పెట్టడం కూడా ఆచారమే. ఆ రోజు మా జవాను ఇంటింటికీ బెల్లం తింటూ తిరిగాడు. అతను ఎక్కడా అబద్ధమాడలేదు. నోటి నిండా బెల్లం ఉన్నవాడు నిజం మాత్రం ఎట్లా చెబుతాడు?

మా కార్డు మీద వనపర్తి ముద్ర చెక్కుచెదరలేదు. మా నాయిన పేరు సగం మిగిలింది. వెనక వైపు తిప్పితే పైన శ్రీకారం, కింద అలికినట్టు నీలిమచ్చలు. నాయిన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. చదవడానికి ఏమీ లేదన్నాడు. చదివేదేముంది, పసుపు కనబడటం లేదా అని అవ్వ దాన్ని లాక్కుని దేవుడి గూట్లో పెట్టింది. ఇంకేం, ఇల్లంతా ఒకటే సందడి. మా ఇంట్లో ఆడపిల్ల పెళ్లి చీర పెళ్లి కుదిరిన రోజే మొదలుపెట్టాలి. ఎవరికోసమో గంజిపెట్టి ఆరబెట్టి ఉంచిన నిలువు పోగుల పడుగును నాయిన ఆ పూటే మగ్గానికి ఎక్కించాడు. చిన్నత్త చేత తొలి పోగు వేయించారు. నాయిన వెంటనే జవాబు రాశాడు. మీ జాబు చేరింది, మీ మాట మాకు చాలా సంతోషం, పడుగు ఎక్కించాము, తక్కిన సంగతులు మీరు చెప్పినట్టే అని రాసి, అంచులకు అమ్మ చేత నిండుగా పసుపు పూయించి, తిరిగి పోయే పుట్టికి అందించి వచ్చాడు.

సాయంత్రం మా అమ్మ నీళ్లకు పోయింది. బావి దగ్గర ప్రతి ఆడమనిషీ సంబరంగానే ఉందట. ఒకరికి పసుపు జాబు రావడం మామూలే, అందరికీ ఒక్కరోజే వస్తే ఎట్లా? అడగగా అడగగా పుట్టి సంగతి, బస్తాల సంగతి బయటపడ్డాయి. మా వెనక వీధిలో ఒకరింట్లో అయితే జాబు చూసి చక్కెర పంచారు. అది కల్వకుర్తిలో వాళ్ల ముసలి పెదనాయిన పోయాడన్న కబురని తరవాత తెలిసింది. ఆయనంటే ఎవరికీ పెద్దగా పడదు కాబట్టి పంచిన చక్కెర గురించి ఎవరూ బాధపడలేదు. అమ్మ ఖాళీ బిందెతోనే ఇంటికి వచ్చి సంగతి చెప్పింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది మన పని అని నెత్తి కొట్టుకుంది.

వాళ్లు ఏమి రాశారో మళ్లీ అడుగుదామన్నాడు నాయిన. అవ్వ ఒప్పుకోలేదు. ఔనని ఉంటే సరే, కాదని ఉంటే ఆ మాటను వాళ్ల చేత రెండోసారి అనిపించుకోవాలా అంది. పోనీ పడుగు దింపుదామా అంటే అదీ కుదరదు. పెళ్లికని ఎక్కించిన పడుగును నేసేవాడెవడూ మధ్యలో దింపడు, అది పిల్లకు అరిష్టం. అందరూ తలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. అప్పుడు చిన్నత్త లేచి, గుంటలో నీళ్లు తోడి, కాళ్లు దించుకుని కూర్చుంది. మా అమ్మ వద్దని చెయ్యి పట్టుకుంది.

"వాళ్లు ఔనన్నా కాదన్నా చీర నాదే గద, వదినా. నేను నేస్త," అంది చిన్నత్త.

అంత పొడుగు మాట ఆమె నోట నేను అంతకుముందు వినలేదు. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ ఆడటం మొదలైంది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని దొడ్లోకి వెళ్లిపోయింది.

చీర సగానికి వచ్చేసరికి ఒక మధ్యాహ్నం పెళ్లికొడుకు తండ్రి మా గడప దగ్గర నిలబడ్డాడు. పుట్టిలో వచ్చాడు, మళ్లీ వాన అందుకుంది, నిలువెల్లా తడిసి పళ్లు టకటకలాడేలా వణుకుతున్నాడు. వచ్చిన పని చెప్పబోయి చెప్పలేక అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఔనో కాదో తెలియని సంబంధం, మూలలో పుట్టిన పిల్ల, ఆ పిల్ల గడపలోనే జ్వరంతో పడిన మామ. ఈయనకు ఏమన్నా అయితే మూడు లోకాలూ వెతికినా చిన్నత్తకు మొగుడు దొరకడని చిన్నదాన్ని నాకే అర్థమైంది. అవ్వ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. ఆయన దగ్గరికి పోవద్దని చిన్నత్తను కోప్పడింది కూడా. చిన్నత్త వినలేదు. కుంపటి రాజేసి పక్కన పెట్టింది, శొంఠీ మిరియాలూ దంచి కషాయం కాచింది, వద్దన్నా పట్టి తాగించింది. జ్వరం దిగేవరకు మగ్గం ముట్టలేదు.

ఆయన లేచి కూర్చున్న పొద్దున ఎండ కూడా వచ్చింది. జొన్న గటకలో మజ్జిగ పోసుకుని తిన్నాడు. తిని, మగ్గం దగ్గరికి నడిచి, చీరలో అంచూ ఒడలూ కలిసేచోట వేలు పెట్టి తడిమాడు. తరవాత అవ్వ వైపు తిరిగాడు.

"అక్కా, నేను వద్దని రాయించిన. దానికి సంతోషమని పసుపు పెట్టి జవాబొచ్చింది. గిట్లాంటి మనుషులు గూడ ఉంటరా, చూద్దమని వచ్చిన."

నాయిన తలవంచుకుని పుట్టి సంగతి, పసుపు బస్తాల సంగతి మొత్తం చెప్పాడు. తప్పు మాదేనన్నాడు. వింటూ వింటూ ఆయన నవ్వడం మొదలుపెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. చిన్నత్త తలుపు చాటున నిలబడి ఉంది. ఆమె కళ్ల నిండా నీళ్లు.

"ఎక్కిన పడుగు దింపమని నేనెట్ల చెప్త? నేనూ మగ్గం మీద బతికెటోన్నే," అన్నాడు. "గండమంటరా, అది పుట్టిలనే వచ్చింది. ఈ బిడ్డ కసాయం తాగిచ్చి ఎల్లగొట్టింది."

మాఘంలో పెళ్లయింది. మా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. సెలవుల్లో నేను వనపర్తి పోతే పొద్దున్నే అరుగు మీద ఎండకు కూర్చుని ఉండేవాడు చిన్నత్త మామ, నాకు తాత వరస. కోడలా, ఇంకా బతికే ఉన్ననా అని కేకేసేవాడు. ఉన్నవులే మామా, గంజి తాగు అనేది చిన్నత్త లోపలి నుంచి. ఆ ఇంట్లో ఆమెకు మాటలు వచ్చాయి. వద్దని చెప్పింది తండ్రే అయినా ఆ కార్డు రాసిన చెయ్యి తన మొగుడిదని తెలిశాక, అలిగినప్పుడల్లా అతన్ని దెప్పడానికి కూడా వచ్చాయి. తాత ఈడువాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జాతకం చూసి భయపెట్టిన అయ్యగారు కూడా పోయాడు, ఆయన పన్నెండో రోజుకు తాతే వెళ్లి వచ్చాడు.

చివరికి ఆయనకూ తప్పలేదు. ఒక ఎండాకాలం చిన్నత్త ఇచ్చిన మజ్జిగ తాగి, గోడకు ఆనుకుని కునుకు తీసినట్టే వెళ్లిపోయాడు. అప్పటికి చిన్నత్త జుట్టూ నెరిసింది. కన్నతండ్రి పోయినట్టు ఏడ్చింది. నేను వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇంకొన్ని దినాలు ఉంటడనుకున్ననే," అంది. రావలసింది రాక మానదు, నిజమే. అది దారిలో ఎక్కడో చిక్కుకుని ఆలస్యంగా చేరేలోపల చేతికి దొరికిన కాలమే మన బతుకని ఆ పొద్దు ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు తోచింది.