తాతకి పెట్టిన పేరు

పదకొండు రోజుల కిందట, పొద్దున్నే, పెదనాన్న పోయాడని కబురొచ్చింది. అప్పుడు నేను బస్సులో ఉన్నాను. తాకేటా వంతెన దగ్గర సిపాయిలు ఎక్కి అందరి కార్డులూ చూస్తున్నారు. ఫోను చెవిన పెట్టుకునే నా కార్డు చూపించాను. ఏడవడానికి కూడా వాళ్ళు దిగేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆయన రేవు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. ఆయన ఉండే పేట, మింగళ తౌంగ్‌న్యున్‌లో రెండో అంతస్తు గదిలో ఆదివారాలు బర్మాలో పుట్టిన మా తెలుగువాళ్ళ పిల్లలందరికీ తెలుగు చెప్పేవాడు. హాజరు నంబర్లతో పిలవడు. ఒక్కొక్కరూ లేచి తన పేరు, తండ్రి పేరు, తాత పేరు చెప్పాలి. తడబడితే ఇంటికెళ్ళి అడిగి రమ్మని మెట్లు దింపేసేవాడు. సొంత తమ్ముడి కొడుకునని కూడా చూడకుండా నన్ను రెండుసార్లు దింపాడు.

ఆ పట్టుదలకి కారణం ఆయన పెట్టెలో ఉండేది. గుండ్రటి ఇత్తడి బిల్ల. శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చి రేవులో బియ్యం బస్తాలు మోసిన ఆయన తాత మెడలో దొరలు కట్టించిన బిల్ల అది. దాని మీద నంబరుంది, పేరు లేదు. కొడుకు పసివాడుగా ఉండగానే ఆ తాత బస్తాలు మీదపడి పోయాడు. ఆయన పేరు భార్యకొక్కదానికే తెలుసు. ఆవిడేమో మొగుడి పేరు నోటితో అనని కాలం మనిషి. అనకుండానే పోయింది.

"ఆఫ్రికావోళ్ళని సంకెళ్ళేసి ఓడల్లో తీసుకుపోయి, దొరల పేర్లెట్టీసినారు. మనోళ్ళకి బిల్ల కట్టినారు. ఆళ్ళ బాద, మన బాద ఒకటేనని అనకండి, తప్పు. గానీ మనిసి పేరు తీసీడం దొరలు నేర్సింది ఆ ఓడల మీదే," అనేవాడు పెదనాన్న.

పెద్దలకు పెట్టుకునే రోజు ఆకుల్లో అన్నం వడ్డిస్తూ ఒక్కొక్కరినీ పేరుతో పిలిచేవాడు. మొదటి ఆకు ఆ తాతది. అక్కడ మాత్రం ఏమీ అనకుండా కాసేపు నిలబడి పక్క ఆకుకి జరిగేవాడు.

పోయినేడు మా అమ్మాయికి పౌరసత్వ కార్డు కావాల్సి వచ్చింది. దానికి పందొమ్మిదేళ్ళు, లత అనే పేటలో బట్టల కొట్లో పని. రోజూ వంతెన దాటాలి. కార్డు లేదని ఒకసారి బస్సు దింపి రెండు గంటలు నిలబెట్టారు. ఆ రెండు గంటలూ నా ప్రాణం నా దగ్గర లేదు.

పెదనాన్నని తోడు తీసుకుని కార్డుల ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ అధికారి, మీ వంశంలో ఈ దేశానికి మొదట వచ్చినవాడి పేరు చెప్పమన్నాడు. పెదనాన్న బిల్ల తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ నంబరు ఎవరిదైనా కావచ్చు, పెద్దాయనా. పేరు రాయండి," అన్నాడు అధికారి బర్మా భాషలో.

"ఏదో ఒకటి రాసీ, పెదనాన్నా," అని తెలుగులో గొణిగాను.

"దొంగ పేరెట్టమంటావేటి? ఒకపాలి దొరలు తీసీసినారు. మల్లీ మనం తీసీద్దుమా?"

"పోయినోడి కోసం బతికున్న పిల్లని వంతెన మీద నిలబెడతావేటి?" అని అరిచాను.

అందరూ మా వైపు తిరిగారు. పెదనాన్న బిల్ల జేబులో వేసుకుని లేచి వెళ్ళిపోయాడు. అలా అరిచినందుకు నాకిప్పటికీ సిగ్గే. కానీ ఆ రోజు నాకున్న భయం కూడా నిజమే. నెల్లాళ్ళు మా మధ్య మాటల్లేవు.

తర్వాత ఆయనే ఒక్కడూ ఆఫీసుకెళ్ళి కాగితం నింపి, నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఏం పేరు రాశావని అడిగాను.

"నాదే."

నీ పేరు తాతకెలా పెట్టావన్నాను.

"మనవడికి తాత పేరెడతారు కదరా. పేరు లేని తాతకి మనవడి పేరెడితే తప్పేటి?" అని మంచినీళ్ళడిగి తాగాడు.

కార్డు వచ్చింది. ఇప్పుడు అమ్మాయి వంతెన మీద అది చూపించి పనికెళ్తోంది.

నిన్న పెదనాన్నకి పదకొండో రోజు. ఆకులు వరసగా వేశాం. అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం తక్కువ. అయినా వడ్డన తనే చేస్తానంది. మొదటి ఆకు పక్కన బిల్ల పెట్టి, అన్నం వడ్డించి, ఎవరూ చెప్పకుండానే పెదనాన్న పేరు పిలిచింది. అందరినీ పిలుచుకుంటూ చివరనున్న పెదనాన్న ఆకుకి వచ్చి మళ్ళీ అదే పేరు పిలిచింది. రెండు ఆకుల మీదా అన్నం పొగలు కక్కుతోంది.