పిల్లి గొంతు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడకు ముప్పయ్యో ఏట జ్వరం వచ్చి చెవులు పూర్తిగా పోయాయి. పిల్లి ఆ తర్వాతే ఇంటికి చేరింది. ఆకలేస్తే ఎదురుగా కూర్చుని నోరు తెరిచేది, తలుపు తీయించుకోవాలంటే ఆమె పాదం మీద కాలు వేసేది. అంతా అర్థమయ్యేది. కానీ దాని గొంతు ఒక్కసారి వినాలని ఆమెకు ప్రాణం కొట్టుకునేది.

ఒకరోజు అక్క వచ్చింది. పిల్లి ఎప్పట్లాగే నోరు తెరిచింది.

"ఎలా ఉందక్కా దీని గొంతు?" అని చెల్లెలు ఆత్రంగా అడిగింది.

అక్క తటపటాయించి, గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తీసుకుని బల్ల మీద రాసింది. "నీ దగ్గర అది అరవడం లేదే. ఉత్తినే నోరు తెరుస్తోంది. ఇందాక గుమ్మంలో నన్ను చూసి మాత్రం గట్టిగా అరిచింది."

తనకు వినపడదని పిల్లికి ఎప్పుడో తెలిసిపోయిందన్నమాట. చెల్లెలు ఆ అక్షరాలు మళ్లీ చదువుకుంది.

"పోనీ, నిన్ను చూసి ఎలా అరిచిందో చెప్పు," అంది.

అది రాసి చెప్పేది కాదు. యాభై దాటిన అక్క, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, చెల్లెలి వేళ్లు తన గొంతు మీద పెట్టుకుని మ్యావుమంది. వేళ్ల కింద గొంతు సన్నగా వణికింది.

"ఇంకోసారి అక్కా," అంది చెల్లెలు.