ట్యాంకుకు కట్టిన బంతిపూల దండ

ఇప్పుడు నేను ల్యాబులో సీసాలు కడుగుతున్నాను. ఎమ్మెస్సీ చదివి ఇదేం ఖర్మని మా అమ్మ ఏడుస్తుంది. ఏడవనీ. కారణం చెప్పడానికి నాకు నోరు రాదు.

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో ఉంది మా ల్యాబు. పోయినేడు దాకా అందులో కల్చర్ గది నా చేతిలో ఉండేది. మైపాడు ఇసుకలో ఊరికే మొలిచే బిళ్లగన్నేరు ఆకుల నుంచి కణాలు తీసి, చక్కెర, లవణాలు కలిపిన నీళ్లలో పెంచేవాళ్లం. మొదట చిన్న సీసాలో, తర్వాత బయోరియాక్టర్ అనే స్టీలు ట్యాంకులో. ఆ కణాల నుంచి క్యాన్సర్ మందు తీయాలని మా తాపత్రయం. ఏడు నెలలు కంటికి రెప్పలా చూసుకున్నాను. మందు జాడ అప్పుడప్పుడే కనిపిస్తోంది. బయటి క్రిమి ఒక్కటి దూరినా అంతా నాశనం. అందుకే గడప దగ్గర నేను రాక్షసిని. చెప్పులు మార్చుకోకపోతే డైరెక్టరు గారినైనా "ఆగండి సార్" అనేదాన్ని.

ఆయుధపూజ రోజు ఆయనే కొబ్బరికాయ, బంతిపూల దండ పట్టుకుని నేరుగా లోపలికి వచ్చేశారు. వెనక స్టాఫంతా.

"మనకు అన్నం పెట్టే మిషను. దండెయ్యకుంటే ఎట్లా?" అన్నారు.

ఆపాలి. ఇంకే రోజైనా ఆపేదాన్నే. కానీ ఆ గదిలో సాయిబుల పిల్లను నేనొక్కదాన్నే. పూజ వద్దని నేనంటే ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందో నాకు తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదని అమ్మ రోజూ చెప్పి పంపుతుంది. ఛీ, అప్పుడే గుర్తు రావాలా అది! సారు దండను ట్యాంకులోకి గాలి పోయే గొట్టానికి కట్టారు. బరువుకు గొట్టం అతుకు దగ్గర జారింది. అందరూ వెళ్లాక స్పిరిటుతో తుడిచి బిగించాను. ఏమీ కాదులే అనుకున్నాను.

నాలుగో రోజుకి ట్యాంకులోంచి పులిసిన దోసెల పిండి వాసన వచ్చింది. క్రిమి దూరింది. ఏడు నెలల కణాలను ఆవిరి పట్టి చంపి, నా చేతులతోనే పారబోశాను.

"గదికి ఇన్‌ఛార్జివి గదా, ఒక్క మాట చెప్పగూడదా అమ్మా?" అన్నారు సారు. ఆయన నిజంగానే బాధపడ్డారు. అదే నన్ను మరింత కాల్చింది. మర్నాడు నన్ను సీసాల గదికి మార్చారు.

ఈ ఏడు మళ్లీ ఆయుధపూజ వచ్చింది. నా స్థానంలో చేరిన అమ్మాయి, నుదుట ఇంత బొట్టుతో, గడపకు అడ్డంగా నిలబడింది.

"లోపల వద్దు సార్. పూజ బయటే చేసుకుందాం" అంది.

సారు పెద్దగా నవ్వి, కొబ్బరికాయ గడప ఇవతలే కొట్టారు. "శభాష్! డ్యూటీ అంటే ఇదీ" అన్నారు. స్టాఫంతా చప్పట్లు. అప్పుడు ఆయన నావైపు తిరిగి, "చూసినావా అమ్మా, పోయినేడు నువ్వు గూడా ఇట్లా చెప్పింటే సరిపోయేది" అన్నారు.

"అవును సార్" అని అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.