నా బయాప్సీ కబురు నాకే ఆఖరున

నా అరికాల్లో మచ్చకి చేసే బయాప్సీ గురించి డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. మన ఒంటి రంగువాళ్ళకి ఇలాంటి మచ్చలు అరికాలిలో వస్తే అశ్రద్ధ చేయకూడదంది. మత్తు సూది చురుక్కుమంటుంది, చిన్న ముక్క తీసి కుట్లు వేస్తాం, గాయాన్ని ఎండనివ్వొద్దు, వాజిలిన్ రాసి కట్టు కట్టుకోవాలి అంది. ముక్క తీయించుకుని ఇంటికి రాగానే మా ఆయన పసుపు డబ్బా పట్టుకుని తయారు. కసిరి పంపించాను. రిజల్ట్ ముందు నువ్వే చూసుకో తల్లీ అని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా ఇంట్లో ఇన్సూరెన్సులు, అపాయింట్‌మెంట్లు అన్నీ ఆయనవే. హాస్పిటల్ యాప్ ఆయన ఫోన్‌లోనే ఉంటుంది. క్లినిక్‌లో ఇచ్చిందీ ఆయన నంబరే.

తర్వాతి వారం ఇక్కడ అమెరికాలోనే, ఆష్‌బర్న్‌లో తెలిసినవాళ్ళ గృహప్రవేశం. కుంటుతూనే పులిహోర వడ్డిస్తున్నాను. మా వీధిలో ఉండే ఆంటీ వచ్చి నా చేతిలో గరిటె లాక్కుంది.

"నువ్వు కూర్చోమ్మా. ఏం భయపడకు, ఎర్లీగానే క్యాచ్ చేశారంట కదా."

"ఏంటి ఆంటీ, క్యాచ్ చేసింది?"

ఆవిడ మొహం పాలిపోయింది. మగవాళ్ళంతా గరాజ్‌లో కబుర్లాడుతుంటే నేరుగా అక్కడున్న మా ఆయన దగ్గరికే వెళ్ళాను.

"రిజల్ట్ వచ్చిందా?"

"అదీ... మెలనోమా అంట, చర్మానికొచ్చే క్యాన్సర్. బుధవారం క్లినిక్ వాళ్ళు కాల్ చేశారు. నువ్వు టెన్షన్ పడతావని చెప్పలేదు. అంకుల్ డాక్టర్ కదా, ఆయన్ని కనుక్కుని చెప్దామని..."

అంకుల్‌కి చెప్పాడు. అంకుల్ ఆంటీకి చెప్పాడు. మా ఆయన వాళ్ళమ్మకీ చెప్పాడట, ఆవిడ అప్పుడే మొక్కుకుందట కూడా! కాలు నాది, కోత నాది, జబ్బు నాది. నాకు తప్ప అందరికీ తెలుసు. ఒళ్ళు మండిపోయింది.

"నేనేమన్నా చంటిపిల్లనా? సిగ్గు లేదూ నీకు?" అందరి ముందే అరిచాను. పరువు పోతే పోయింది. నా మీద ప్రేమతోనే చేశాడట. తగలెయ్య ఆ ప్రేమ!

సోమవారం క్లినిక్‌లో నర్సు పిలవగానే నాకంటే ముందు తనే లేచాడు.

"నువ్విక్కడే ఉండు."

"డాక్టర్ చెప్పేది నీకు అర్థం కాకపోతే?"

"మళ్ళీ అడుగుతాను."

లోతుకి పోలేదట. చుట్టూ ఇంకాస్త కోసి తీస్తారట, ఆ తర్వాత ఏళ్ళ తరబడి చూపించుకుంటూ ఉండాలట. అర్థం కానివి అడిగి, అంతా విని బయటికొచ్చాను. ఆయన ఎదురొచ్చాడు.

"ఏమన్నారు?"

"చెప్తాను. ముందు నన్ను కాసేపు ఏడవనీ," అన్నాను.