పిల్లుల పని

కోరుట్లల ముత్యంను ఎరిగినోళ్లందరు ఆయన మస్కట్ల సూపర్‌వైజర్ పని చేసి అచ్చిండనే అనుకుంటరు. ఏం కంపెనీ, ఎంతమంది మీద సూపర్‌వైజర్ అని ఎవ్వలన్న అడిగితే, "పెద్ద కంపెనీయే" అని మాట మారుస్తడు. ఇప్పుడు కోరుట్లకూ మెట్‌పల్లికీ నడుమ ఆటో నడుపుతున్నడు. అయినా స్టాండుల అందరు "సూపర్‌వైజర్ సాబ్" అనే పిలుస్తరు. గట్ల పిలిస్తే ముత్యంకు పానం ఖుషీ అయితది.

అసలు సంగతి వేరే ఉంది. ఆయన పోయింది ఇంటి డ్రైవర్ వీసా మీద. పోయిన కొన్నాళ్లకే షేకు ఇంకొకన్ని డ్రైవర్‌గ పెట్టుకొని, ముత్యంను తన తల్లికాడికి పంపిండు. గా ముసలామె మంచం దిగేటట్టు లేకుండె. ఆమె పానమంత పిల్లుల మీదనే. ఒకటి గాదు రెండు గాదు, ఇంటినిండ పిల్లులు. వాటికి తిండి పెట్టుడు, బొచ్చు దువ్వుడు, గలీజు ఎత్తుడు, ఆడిపిచ్చుడు, గదే ముత్యం పని.

బజార్ల కొన్న బొమ్మలతోని గవి ఒక్కపూట ఆడి ఇడిసిపెట్టేటియి. ఒకనాడు ముత్యం తన చినిగిన సాక్సుల గుడ్డపేలికలు కూరి ఉండ చేసి ఇసిరిండు. పిల్లులు ఇల్లంత ఎగిరి దుంకినయ్. ముసలామె పండుకున్న కాడికెల్లే చప్పట్లు కొట్టి నవ్వింది. అప్పటిసంది అట్టడబ్బలు, పాత కండువాలు, సీసా బిరడాలు, ఏది పారేసినా ముత్యం ఏరి దాచేటోడు. చేతులకు పనుండేది, మనసుకు నిమ్మళముండేది. కానీ సెలవునాడు మనోళ్లుండే క్యాంపుకు పోతే మాత్రం, ఎండల సిమెంటు మోసి అచ్చినోళ్లు నవ్వేటోళ్లు. "ఏం ముత్యం, నీ పిల్లులు బువ్వ తిన్నయా?" అనేటోళ్లు. ఆయన క్యాంపుకు పోవుడే బంద్ చేసిండు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు సూపర్‌వైజర్ అన్నడు. ఒక్కసారి అన్న మాట, ఇగ అదే సాగింది.

ఇంటికి తిరిగి అచ్చినంక, బిడ్డ శ్రీవాణి ఒకనాడు బడి నుంచి అస్తు అస్తు ఒక బూడిదరంగు పిల్లిపిల్లను పట్టుకచ్చింది. ముత్యం దాని దిక్కు చూడనట్టే ఉన్నడు. కానీ అది ఊకుంటదా, ఫోన్ చార్జర్ వైరు కొరుకుడు, పర్దాలెక్కుడు. పెండ్లాం రాణి కసురుకుంది. "దీన్ని ఎక్కడ దొరికిందో అక్కడనే ఇడిసిపెట్టి రా పోరీ."

ముత్యం లేచిండు. పాత సాక్సు ఒకటి తీసిండు. మందుగోలీల చిన్న డబ్బిల నాలుగు చింతగింజలు ఏసి మూత బిగిచ్చి, దాన్ని పేలికలల్ల సుట్టి సాక్సుల కూరిండు. సూది దారం తెమ్మని మూతి కుట్టిండు. కుట్టినంక దారం కొసలు ఏడన్న ఏలాడుతున్నయా అని ఏలితోని తడిమి తడిమి చూసి, ఉన్నకాడికి కత్తిరిచ్చిండు.

"గట్లెందుకు బాపు?" అన్నది శ్రీవాణి.

"దారం మింగితే పిల్లి పేగులకు సుట్టుకుంటది బిడ్డ. పానం పోతది."

మరుసటి వారానికి విరిగిన కుర్సీ కాలుకు కొబ్బరితాడు సుట్టి గోళ్లు గీరుకునే గుంజ తయారు చేసిండు. మిక్సీ అచ్చిన అట్టడబ్బకు బొక్కలు కోసి, లోపటికెల్లి పంజా చాపి ఉండను గుంజుకునేటట్టు చేసిండు. తండ్రీబిడ్డలు కింద బోర్ల పండుకొని చూసుడు, నవ్వుడు. ఆ నవ్వుల ముత్యం ఒళ్లు మరిచి మస్కట్ ముసలామె సంగతి, ఆమె పిల్లుల సంగతి బిడ్డకు అంత చెప్పిండు. ఎవ్వలికి చెప్పద్దని అనలేదు. అనాలని తోచనే లేదు.

ఇగ రాణి తమ్ముడు రాజేందర్‌ది తంగళ్ళపల్లి. ఆయనకు సిరిసిల్లల బట్టలు నేసే సాంచెలున్నయ్. కొడుకుకు వేములవాడల పుట్టెంటికలు తీపిచ్చి, ఇంటికాడ దావత్ పెట్టిండు. ముత్యం పెండ్లాంబిడ్డలను తీసుకొని పోయిండు. టెంటు కింద బంతి మీద కూసున్నరు. రాజేందర్ తన సోపతి హన్మండ్లును తీసుకచ్చి ముత్యం పక్కన కూసోబెట్టిండు.

"గీయినె మా బావ. మస్కట్ల సూపర్‌వైజర్ చేసిండు. నీ కొడుకు సంగతి అడుగు."

హన్మండ్లు చేతులు జోడిచ్చిండు. "పిలగానికి మీ కంపెనీల ఏదన్న చూడాలె అన్నా. మీ అసొంటోళ్ల మాటకు అక్కడ ఇలువుంటది."

ముత్యం ఏదో చెప్పబోయిండు. అంతట్లనే ఎదురుంగ కూసున్న శ్రీవాణి అందుకుంది. పిల్ల మొఖం ఎలిగిపోతున్నది. "మా బాపు కంపెనీల చేయలే మామా. షేకు వాళ్ల అమ్మకాడ పిల్లులను చూసుకునేటోడు. వాటికి ఎన్ని బొమ్మలు చేసిండో ఎరుకేనా? మా పిల్లికి గూడ చేసిండు."

ముత్యం చెవులు కాలినయ్. కూర గంటె పట్టుకున్న పిలగాడు గూడ తన దిక్కే చూస్తున్నడనిపిచ్చింది. నవ్విండు. నవ్వుకుంటనే అన్నడు, "దీనికి ఫోన్ల చూసింది చూసినట్టు కతలల్లుడు అలవాటైంది. అబద్ధాలు బాగ నేర్చింది."

అందరు నవ్విండ్రు. రాజేందర్ పెండ్లాం రాధిక నీళ్లు పోసుకుంట, "పెద్దోళ్ల ముంగట గట్ల అబద్ధాలు చెప్పద్దు బిడ్డ. కన్నతండ్రిని పట్టుకొని పిల్లుల పని చేసిండంటవా?" అని బుద్ధి చెప్పింది. అవతలి బంతి ఆడోళ్లు గూడ ఇటు తిరిగి చూసిండ్రు.

శ్రీవాణి తండ్రి దిక్కు చూసింది. ఏడ్వలేదు, ఎదురు చెప్పలేదు. 'నువ్వే గద చెప్పినవ్' అన్నట్టు గూడ చూడలేదు. ఉత్తగ చూసి, తల వంచి, కలిపిన ముద్దను అట్లనే ఇడిసిపెట్టింది. ముత్యం మాత్రం తిన్నడు. మానితే ఎవ్వలన్న ఏమన్న అనుకుంటరని తిన్నడు.

బస్సుల పిల్ల కిటికీ దిక్కే చూసింది. ఇంటికచ్చినంక అలగలేదు. అడిగితే జవాబిచ్చింది. అయితే గా జవాబులే వేరే తీరుగ ఉన్నయ్. "తిన్నవా?" అని తల్లి అడిగితే, "తిన్న. పళ్లెం చూస్కో" అన్నది. "హోంవర్క్ అయిందా?" అంటే నోట్‌బుక్ తెచ్చి ముంగట పెట్టింది. కడుపునొస్తుందని చెప్పి, మళ్ల తనే, "ఒట్టు, నిజంగనే నొస్తుంది" అన్నది. పన్నెండేండ్ల పిల్ల ప్రతి మాటకు సాక్ష్యం తెచ్చుకుంటున్నది. ముత్యం విన్న ప్రతిసారి తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక ఆటో తుడిచే బట్ట పట్టుకొని బయటికి పోయేటోడు.

ఒకనాడు రాణి బియ్యం చెరుగుకుంట, తల ఎత్తకుంటనే అన్నది. "నీ పని సంగతి నాకు ఎన్నడో ఎరుకే. వీడియో కాల్ చేస్తే నీ ఎనుక పిల్లులు కనబడకపోయేటియా? నువ్వు సూపర్‌వైజర్ అన్నవ్, నేను నలుగురిల గదే చెప్పిన. నీ మాట నిలబెట్టిన. మరి పోరి మాట ఎవ్వలు నిలబెట్టాలె?"

తన సిగ్గు దాచుకుందామని బిడ్డ నెత్తి మీద పెట్టిండని అప్పటిదాక గింత సాఫుగ ముత్యంకు తోచలేదు.

గా ఆదివారమే రాజేందర్ హన్మండ్లును బండి మీద ఎక్కిచ్చుకొని కోరుట్లకు అచ్చిండు, వీసా మాట ఖాయం చేసుకుందామని. రాణి చాయ్ ఇచ్చింది. శ్రీవాణి మూలకు కూసొని ఏదో రాసుకుంటున్నది. లోపటికి పొమ్మందామని నోటిదాక అచ్చింది ముత్యంకు. అనలేదు.

"హన్మండ్లన్నా, నాకు అక్కడ ఏ కంపెనీ తెల్వది," అన్నడు. "నేను సూపర్‌వైజర్ గాదు. ఒక ముసలామె ఇంట్ల పిల్లుల పని చేసిన. గలీజు ఎత్తిన, బొమ్మలు చేసిన. దావత్‌ల పిల్ల చెప్పిందే నిజం. నేనే అబద్ధమాడిన."

హన్మండ్లు చాయ్ సగంల కింద పెట్టిండు. కోపం చేయలే, అంతకన్న అన్యాయం చేసిండు. "అయితే మేం పోయస్తం అన్నా" అని మర్యాదగ లేచి, పోయి బండి కాడ నిలబడ్డడు. రాజేందర్ మొఖం చిన్నబోయింది.

"గిన్నేండ్లు అందరికీ చెప్పుకుంట తిరిగిన బావా. నాకన్న చెప్తే ఏమైతుండె?"

"చెప్పాలె ఉండె," అన్నడు ముత్యం. అంతకు మించి చెప్పుకునేది ఏం లేదు.

ఆ మాట ఆటో స్టాండుకు ఎట్ల పాకిందో పాకింది. "సాబ్" పోయి "పిల్లుల ముత్యం" మిగిలింది. ఒకలిద్దరు మ్యావ్ అన్నరు గూడ. ముత్యం తల వంచుకొని కిరాయిలు ఎక్కిచ్చుకున్నడు. సిగ్గు తక్కువ కాలేదు. కానీ అది ఇప్పుడు తన నెత్తి మీదనే ఉంది.

రాజేందర్, హన్మండ్లు వచ్చిపోయిన నాటి పొద్దుమూకి ఆయన బిడ్డ పక్కన కూసున్నడు. "తప్పు నాది బిడ్డ. నలుగురిల నిన్ను అబద్ధాలకోరును చేసిన."

శ్రీవాణి పెన్ను మూత పెట్టి తీసి, తీసి పెట్టింది. అన్నది, "మామకు చెప్పినవ్. నాకు బుద్ధి చెప్పింది అత్త. ఆమెకు చెప్పలే."

ముత్యం ఫోన్ తీసిండు. రాధిక ఎత్తింది. ఆడమనిషికి, అందుల తనను అన్నా అని ఇజ్జత్ ఇచ్చే మనిషికి చెప్పుడు హన్మండ్లుకు చెప్పినదానికంటే కష్టమైంది. రెండుసార్లు తడబడ్డడు. "నాడు పిల్ల అబద్ధం ఆడలే చెల్లే. నేనాడిన" అన్నడు.

"ఫోన్ పిల్లకియ్యన్నా" అన్నది రాధిక.

శ్రీవాణి ఫోన్ తీసుకొని లోపలి అర్రలకు పోయి తలుపు దగ్గరికేసుకుంది. "ఆ, అత్తా" అన్న మాట ఒక్కటి ఇనబడ్డది. ఆ తరువాత పిల్ల గొంతు సన్నబడ్డది. వాళ్లేం మాట్లాడుకుంటున్నరో ఇందామని ముత్యంకు అనిపిచ్చింది గానీ, ఇనే హక్కు తనకు లేదనుకొని వాకిట్లకు పోయి నిలబడ్డడు.