షీటు మధ్యలో ఆగిన మిషను

మా బేతంచెర్ల గనుల్లో మందు పేల్చినప్పుడల్లా మా వంటింటి కిటికీ అద్దం బీటలిచ్చేది. మళ్ళీ పగిలేసరికి మా ఆయన విసిగిపోయి, ఇక అద్దం జోలికే పోనని కర్నూలు నుంచి అక్రిలిక్ షీటు తెచ్చాడు. "ఏమప్పా, కొలత చెప్తే ఈడనే కోసిస్తాం" అన్నారట అంగట్లో. రాళ్ళ మధ్య బతికే మనిషి ఒక ప్లాస్టిక్ ముక్కను ఇంకొకరి చేత కోయించుకుంటాడా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆయనది బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. బండ నున్నగా తేలిందో లేదో కుడిచేతి వేళ్ళతో తడిమి చెప్పేవాడు. మా ఇంట్లో నాలుగు మెతుకులు ఉడికేది ఆ వేళ్ళ చలవే. అందుకే ఆయన ఇంట్లో కోత మిషను ముట్టుకుంటే నాకు ప్రాణం కుదుటపడేది కాదు.

ఆ మధ్యాహ్నం వసారాలో రెండు బండల మీద షీటు పరిచాడు. పైనున్న కాగితం పొర మీదే పెన్సిలుతో గీత గీశాడు. రాళ్ళు కోసే చేతిమిషను తీసి మీట నొక్కి, పక్కనున్న బొడిపె కూడా నొక్కాడు. ఇక వేలు తీసినా అది తిరుగుతూనే ఉంటుంది. బండయితే బరువుకు కదలదు. ఇది ఎగిరెగిరి పడుతోంది. నన్ను అంచు అదిమి పట్టుకోమన్నాడు. ప్లాస్టిక్ కరిగి కంపు కొట్టింది. నాకు పొద్దున్నుంచీ కుడికన్ను అదురుతోంది. చెబితే నవ్వుతాడని చెప్పలేదు.

సగం కోసేసరికి కరెంటు పోయింది. మిషను షీటు మధ్యలోనే ఆగింది. వీధి పొడవునా పాలిష్ మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకెప్పుడూ గిట్టదు.

ఆయన మిషను బయటికి లాగి, ఒళ్ళో తిరగేసి పెట్టుకుని, చక్రం అంచుకు అంటిన ప్లాస్టిక్‌ను వేళ్ళతో గిల్లడం మొదలుపెట్టాడు.

"స్విచ్చి ఆపినావా?" అన్నాను.

"కరెంటే లేదు కదా. ఏం ఆపేది?"

"వస్తే?"

"వస్తే ఏమైతాది? మనం బటన్ ఒత్తితేనే కదా తిరిగేది. ఫ్యాక్టరీలో దినామూ సూస్తాండా. ఊరికే బయపడతాండావు."

నిజమే, ఫ్యాక్టరీలో కరెంటు పోతే స్టార్టరు పడిపోతుంది. మళ్ళీ మనిషి వెళ్ళి పచ్చ బటన్ నొక్కేదాకా ఏ మిషనూ కదలదు. ఇన్నేళ్ళూ ఆయన చేతులు ఆ నమ్మకం మీదే పనిచేశాయి. ఇంట్లో చేతిమిషనుకు స్టార్టరు ఎక్కడిది? అప్పట్లో నాకా సంగతి తెలియదు, ఒట్టి భయమే తెలుసు. "నీకో దండం" అని, ప్లగ్గు పీకేద్దామని లోపలికి నడిచాను.

గడప దాటానో లేదో, నెత్తి మీద ఫ్యాను కదిలింది.

వీధిలో మిషన్లన్నీ ఇంకా నోరు మూసుకునే ఉన్నాయి. మాది ఒక్కటే లేచింది.

ఆయన కుడిచేతికి ఇప్పుడు బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. అన్నం ఎడమచేత్తో తింటాడు, అదీ నా ముందు మాత్రమే. మొన్న రాయచోటిలో మా చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళాం. విస్తళ్ళు వేసే వేళకు మనిషి కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే బస్టాండులో కూర్చుని ఉన్నాడు.

"నాకు ఆకలి లేదు. నువ్వు తినేసి రాపో" అన్నాడు.

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేనూ తినకుండానే బస్సెక్కాను.